కుట్టే దోమే కాపాడుతుందా?

డెంగీని దోమలతోనే కట్టడి చేసే విద్య పుదుచ్చేరి శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. ఇక ఒప్పించాల్సింది జనాన్నే

దోమల్ని చంపమని ఏటా ఊదరగొట్టే ప్రభుత్వమే వాటిని పెంచి ఊళ్లోకి వదులుతానంటే ఎవరు ఒప్పుకుంటారు? పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌కు ఎదురయ్యే ప్రశ్న ఇదే. డెంగీ, చికున్‌గున్యా వైరస్‌లను అణచిపెట్టే ఏడిస్ ఈజిప్టై దోమల్ని రెండు రకాలు తయారు చేసినట్టు ఈ సంస్థ 2022 జులైలో వెల్లడించింది. వాటిని బయటికి వదలాలంటే ప్రభుత్వ అనుమతులు తప్పనిసరి.

ఆ దోమల్లో ఉన్నది వోల్బాకియా అనే బ్యాక్టీరియా. దీన్ని 1924లో అమెరికా శాస్త్రవేత్తలు హెర్టిగ్, వోల్‌బాక్ క్యూలెక్స్ దోమలో కనుగొన్నారు. చాలా కీటకాల్లో ఉండే ఈ సూక్ష్మజీవి డెంగీని మోసే దోమలో మాత్రం సాధారణంగా కనిపించదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త స్కాట్ ఓనీల్ బృందం పండ్ల ఈగ నుంచి తీసి దాన్ని ఈ దోమలోకి ఎక్కించింది. బ్యాక్టీరియా ఉన్న దోమ ఒంట్లో వైరస్ సరిగా పెరగదు. ఆ మగదోమ మామూలు ఆడదోమతో జతకడితే గుడ్లు పొదగవు. ఆడదోమలో బ్యాక్టీరియా ఉంటే పిల్లలన్నింటికీ అది సంక్రమిస్తుంది. అలా కొన్ని తరాల్లో ఊళ్లోని దోమలన్నీ దాదాపు ఇవే అవుతాయి.

ఇండొనేసియాలోని యోగ్యకర్తా నగరాన్ని 24 భాగాలు చేసి, 12 చోట్ల ఈ దోమల్ని వదిలారు. అక్కడ డెంగీ కేసులు 77 శాతం, ఆసుపత్రిలో చేరేవారు 86 శాతం తక్కువని 2021లో వెలువడిన ఫలితాల్లో తేలింది.

సైన్స్ నెగ్గినంత మాత్రాన సరిపోదని భారత్‌కు అనుభవమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి అమెరికా నిధులతో ఢిల్లీలో నడిపిన విభాగం 1975లో హర్యానాలోని సోనీపట్‌లో వంధ్య మగదోమల్ని వదలడానికి సిద్ధమైంది. ఇది జీవాయుధ పరిశోధనేనన్న ఆరోపణలు పత్రికలకెక్కాయి. పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం తప్పుపట్టింది. ప్రయోగం చివరి క్షణంలో ఆగిపోయింది.

మగదోమలు కుట్టవు. అయినా అప్పట్లో అనుమానమే గెలిచింది. పుదుచ్చేరి విధానంలో కుట్టే ఆడదోమల్నీ వదలాలి. కొన్నాళ్లు ఇళ్లలో దోమలు పెరిగినట్టే ఉంటుంది. యోగ్యకర్తాలో ముందే జనానికి విషయం వివరించి, ఒప్పుకున్నవారి పెరళ్లలోనే గుడ్ల డబ్బాలు పెట్టారు. ఆ పని ఇక్కడ చేయకపోతే, మేలు చేసే దోమల మీద కూడా జనం మందు కొట్టేస్తారు.