బావినీటి గుణమును గణితము చెప్పగలదా?

గొట్టపుబావినుండి అప్పుడే కొట్టిన నీరు నిర్మలముగా నుండును. బిందెలో నుంచి మరునాడు చూచిన, అడుగున ఎర్రని మడ్డి కానవచ్చుట మనలో పలువురము ఎరిగినదే. నేలలోతున ప్రాణవాయువు అందక నీటిలో కరిగియున్న ఇనుము, గాలి సోకగానే తుప్పుగా మారి క్రిందికి దిగినదన్నమాట. పదార్థము ఎలక్ట్రానులను కోల్పోవుట ఆక్సీకరణము; గ్రహించుట క్షయకరణము. ఒకటి లేనిదే రెండవది జరుగదు.

భూగర్భమున దీనికి విపరీతమైన క్రియ జరుగుచుండును. కుళ్ళిన ఆకులలములపై బ్రతుకు సూక్ష్మజీవులు మొదట ప్రాణవాయువును వాడుకొనును. అది తీరిన పిమ్మట నైట్రేటును, ఆపైన మాంగనీసు తుప్పును, ఇనుపతుప్పును, సల్ఫేటును ఇంచుమించు ఇదే వరుసలో ఆశ్రయించును. ఇనుపతుప్పు కరిగినపుడు, దాని నంటియున్న ఆర్సెనిక్, అనగా పాషాణము, నీటిలో కలియును.

వంగదేశమున జరిగిన దిదియే. చెరువునీటి క్రిములనుండి ప్రజలను కాపాడుటకై అచ్చట లక్షలాది గొట్టపుబావులు వేసిరి. 1983లో పశ్చిమ బెంగాలున పాషాణవ్యాధి గుర్తింపబడినది. 1993లో బంగ్లాదేశపు బావులలోను ఆ విషము బయటపడినది. కంటికిగాని, నాలుకకుగాని అది తెలియదు. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఇట్టి మార్పులను లెక్కగట్టుటకు పార్క్‌హర్స్టు, అపెలో అను శాస్త్రజ్ఞులు ‘ఫ్రీక్-సి’ అను కంప్యూటరు ప్రోగ్రామును రచించిరి. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ దీనిని ఉచితముగా నిచ్చుచున్నది. నీటి ఉష్ణోగ్రతను, ఆమ్లత్వమును, అందు కరిగిన పదార్థముల పరిమాణములను మనము దానికి తెలుపవలెను. పిదప సేంద్రియ కర్బనమును కొంచెము కొంచెముగా కలుపుచు పోయినట్లు లెక్క వేయుమనవలెను. ప్రతి మెట్టునను అది పదార్థముల మొత్తములను, విద్యుదావేశములను, ఎలక్ట్రానుల జమాఖర్చును సరిచూచి, ఇనుమెంత కరిగినదో, పాషాణమెంత విడివడినదో చెప్పును. నీటికి గాలి తగిలించినచో దిగు తుప్పు ఎంత పాషాణమును వెంటగొనిపోవునో కూడ ఇట్లే అంచనా వేయవచ్చును.

అయితే ఒక జాగ్రత్త అవసరము. ఈ లెక్క సామాన్యముగా, క్రియలన్నియు పూర్తియై సమతౌల్యము నొందినవని తలచును. ప్రకృతిలో పెక్కు క్రియలు మందముగా సాగును. కావున వాని వేగములనుగూడ లెక్కలో చేర్చి, ఫలితమును బావినీటి కొలతలతో పోల్చిచూడవలెను. ఎర్రమడ్డి దిగినంతమాత్రమున మిగిలిన నీరు నిరపాయమని మనము తలపరాదు. గణితము కారణమును వివరించును, రాబోవుదానిని సూచించును. మన బిడ్డలు త్రాగు నీటివిషయమున తుదితీర్పు మాత్రము పరీక్షాశాలదే.