మేటి గార్డును ధర్మముగా ఎదుర్కొనుట ఎట్లు?

బాస్కెట్ బాల్ ఆటలో ఒక్కొక్క జట్టుకు ఐదుగురు ఆటగాండ్రు. అయినను కళాశాలల పోటీలలో చూడవచ్చినవారి కన్నులు పదే పదే ఒక్కని మీదనే నిలుచుట మనకందరకు అనుభవమే. అతడే ఆ జట్టు గార్డు. అతడు పొడుగరి కాకపోవచ్చును, బలాఢ్యుడును కాకపోవచ్చును. కాని బంతి అతని చేతిలో ఉన్నంతసేపు మిగిలిన తొమ్మండుగురు అతని ఇష్టము ననుసరించియే కదలుదురు. అట్టివాడు ఎదురైనప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు మేము రెండు సంవత్సరములు రెండు తప్పు సమాధానములు చెప్పి, సరియైన దానిని మూడవ ఏట నేర్చుకొన్నాము. ఈ ఏడాదితో కళాశాల విడిచిపోవుచున్న మేము, మా తరువాత ఈ కోర్టుపై ఆడబోవు తమ్ములకు, చెల్లెండ్రకు ఆ నేర్చినదానిని అప్పగించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున గదిలోపల ఆడదగిన ఆట కావలెనని దీనిని కల్పించినాడు. పది అడుగుల ఎత్తున ఉన్న బాల్కనీకి రెండు పండ్ల బుట్టలు కొట్టించి, పదమూడు నియమములు వ్రాసినాడు. బంతితో పరుగెత్తరాదనియు, ప్రత్యర్థిని భుజముతో నెట్టుట, పట్టుకొనుట, తోయుట, కొట్టుట కూడదనియు ఆ నియమములు చెప్పినవి. అనగా ఈ ఆటలో అడ్డగించుట దేహబలము చేత కాదు. నిలువవలసిన చోట ముందుగా నిలుచుట చేత. ఈ మూలసూత్రమును మరచినందుననే మేము రెండుసార్లు భంగపడినాము.

నేటి అంతర్జాతీయ నియమముల ప్రకారము కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. బంతి దక్కిన జట్టు 8 సెకండ్లలో మధ్యగీత దాటవలెను. 24 సెకండ్లలో షాట్ వేయవలెను. ఐదు ఫౌళ్లు చేసిన ఆటగాడు కోర్టు విడువవలెను. ఈ అంకెలను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. కాపలా అంతయు వీటిపైననే ఆధారపడియున్నది.

మా రెండు తప్పులు

మొదటి ఏట ఒక అంతర్ కళాశాలల పోటీలో మాకు అట్టి గార్డు ఎదురైనాడు. బంతి అతనికి అందినంతనే మాలో ఇద్దరు, ఒక్కొక్కప్పుడు ముగ్గురు, అతని మీదికి పరుగెత్తినాము. అతడు చిరునవ్వుతో, ఎవరును కాపలా లేని తన సహచరునికి బంతి అందించుచుండెను. ఆ సహచరుని పేరు కూడ మాకు తెలియదు. బుట్ట క్రింద నిలిచి తాపీగా బంతి వేయుచుపోయినాడు. 11 పాయింట్ల తేడాతో ఓడిపోయినాము.

రెండవ ఏట ఆ గార్డును ఎట్లైనను ఆపవలెనని ఒట్టు పెట్టుకొన్నాము. ‘ఎట్లైనను’ అను మాటలోనే దోషమున్నది. రెఫరీ చూడనప్పుడు బనియను లాగుట, మోచేయి తగిలించుట జరిగినవి. మూడవ క్వార్టరులో అతడు షాట్ వేసి క్రిందికి దిగునప్పుడు, మా ఆటగాడు తన పాదమును అతడు దిగుచోటనే పెట్టినాడు. చీలమండ మడతపడినది. అతనిని ఇద్దరు మోసికొనిపోయినారు. ఆ ఆట మేము 4 పాయింట్లతో గెలిచినాము. బస్సులో తిరిగి వచ్చునప్పుడు ఎవరును పాట పాడలేదు.

మరునాటి ఉదయము మా ఫిజికల్ డైరెక్టరుగారు జట్టునంతను వెంటబెట్టుకొని ఆ విద్యార్థి ఉన్న హాస్టలుకు తీసికొనిపోయినారు. క్షమాపణ చెప్పుకొన్నాము. కాలికి కట్టుతో మంచముపై కూర్చున్న అతడు మాకందరకు చాయ్ తెప్పించినాడు. లేచి వచ్చునప్పుడు మాలో ఒకడు సిగ్గు విడిచి, “అన్నా, నిన్ను ధర్మంగా ఆపాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగినాడు. భారతమున భీష్ముడు తన్ను జయించు ఉపాయమును తానే చెప్పినట్లు, అతడు చాయ్ గ్లాసులను బల్లపై ఆటగాండ్ర వలె పేర్చి మాకు పాఠము చెప్పినాడు. “మీద పడేవాళ్లంటే నాకు భయం లేదు. బంతి నా చేతికి రానియ్యనివాడంటే భయం. నేను ఎటు తిరిగినా అక్కడ ముందే నిలబడేవాడంటే ఇంకా భయం” అన్నాడు. ఇక చెప్పబోవునదంతయు ఆ రెండు మాటలకు వ్యాఖ్యానమే.

బంతి అందకముందు

మేటి గార్డును ఆపుట అతని చేతికి బంతి అందిన తరువాత మొదలుకారాదు. బంతి ఉన్నచోటికిని అతనికిని నడుమ ఒక చేయి చాచి, ఇరువురును కంట బడునట్లు పక్కకు తిరిగి నిలువవలెను. బంతి అతనికి రాక, అంత నేర్పులేని మరియొకడు దానిని తెచ్చుచో మధ్యగీత దాటుటకే ఏడెనిమిది సెకండ్లు గడచును. మరి ఆరు సెకండ్లు అతనికి అందకుండ చేయగలిగిన యెడల, 24లో పదియే మిగులును. అతని నేర్పు తగ్గలేదు. దానిని ప్రదర్శించు వ్యవధి తగ్గినది.

అతడు బంతిని ఇతరులకిచ్చిన క్షణము మిక్కిలి అపాయకరమైనది. కాపలాదారుడు ‘గండము గడచినది’ అని ఊపిరి పీల్చుకొనును. సరిగా అప్పుడే అతడు బుట్టవైపు దూసుకొనిపోయి బంతిని తిరిగి అందుకొనును. కావున అతని చేయి విడిచిన బంతి ఎటు పోయినదో ఆ వైపునకు వెంటనే ఒక అడుగు వేయవలెను.

మరియొక సంగతి. మన షాట్ తప్పినప్పుడు, మనవారు బుట్ట క్రింద గుమిగూడి ఉండగా, అతడు ఖాళీ కోర్టులో పరుగెత్తి సులభముగా పాయింట్లు సంపాదించును. మనవాడు షాట్ వేయునప్పుడే ఇద్దరు వెనుకకు మరలవలెను.

బంతి అందిన తరువాత

మోకాళ్లు వంచి, వీపు నిటారుగ నుంచి, బరువు పాదముల ముందుభాగమున మోపి, చేయిచాపు దూరమున నిలువవలెను. మిక్కిలి వేగము గలవానికి మరికొంత ఎడమీయవచ్చును. దూరమునుండి గురి తప్పని వానికి ఎడమీయరాదు. చూపు బంతిపైన కాదు, నడుముపైన నిలుపవలెను. తల, భుజము, బంతి మూడును మోసగించును. నడుము మాత్రము శరీరము పోవుచోటికే పోవును.

ప్రతి గార్డుకును ఇష్టమైన చేయి ఒకటి ఉండును. ఆ వైపునకు అర శరీరము జరిగి నిలిచినచో అతడు రెండవ చేతితో డ్రిబుల్ చేయక తప్పదు. అతనిని కోర్టు నడుమనుండి పక్కగీతవైపు మళ్లించుట ఉత్తమము. నడుమ ఉన్నవానికి ఇరువైపుల దారి. గీత ప్రక్కనున్న వానికి ఒకటే. పక్కగీత అలసిపోదు, ఫౌల్ చేయదు. మనకది ఆరవ ఆటగాడు.

పాదములను ఒకదానిపై నొకటి దాటించక జరుపవలెను. అతడు దాటిపోయినచో వెనుకనుండి చేయి విసరుట వ్యర్థము. అతడు చేరబోవు చోటికి అడ్డముగా పరుగెత్తవలెను. చేతితో బంతిని పైనుండి కొట్టబోయినవాడు ఫౌళ్లు కూడబెట్టుకొనును. క్వార్టరులో జట్టు ఫౌళ్లు నాలుగు దాటినచో, షాట్ వేయనివానిపై మన పక్షము కాపలాలో చేయు ప్రతి ఫౌల్‌కును వారికి రెండు ఫ్రీ త్రోలు లభించును. మేటి గార్డుకు ఇంతకంటె ప్రియమైన కానుక లేదు.

అతడు డ్రిబుల్ ఆపి బంతిని రెండు చేతుల పట్టుకొన్నప్పుడు మాత్రము మీటరులోపలికి దగ్గరగా జరుగవలెను. అప్పుడు అతడు ఐదు సెకండ్లలో బంతిని విడువవలెను. అతడు షాట్‌కు ఎగిరినప్పుడు చేతిని నిటారుగా ఎత్తుట వరకే మన హక్కు. ఎగిరినవాడు ఎగిరిన చోటనే దిగుటకు నియమము హక్కునిచ్చినది. ఆ చోటున పాదము పెట్టుట ఫౌల్ మాత్రమే కాదు, ఒక తోటి విద్యార్థి కాలిని పణముగా పెట్టుట. దీనిని మేము ఆలస్యముగా తెలిసికొన్నాము.

మిగిలిన నలుగురు

కబడ్డీ ఎరుగనివారు మనలో లేరు. కూత పెట్టుచు వచ్చినవానిపై తెలివిగల జట్టు ఒక్కుమ్మడిగా పడదు. చేతులు కలిపి వెనుకకు జరుగుచు, అతనిని లోనికి రానిచ్చి, ఒకడు కదలినప్పుడు అందరును కదలి దారి మూయును. గార్డు విషయమునను ఇంతే. ఒకడు అతనిని కాయును. మిగిలిన నలుగురు తమ తమ ప్రత్యర్థులను విడువకయే బుట్టవైపు ఒకటి రెండు అడుగులు జరిగి, అతడు దూసుకొనివచ్చు సందులను ముందే మూయుదురు. అతడు తలయెత్తినప్పుడు దారి కనబడరాదు.

ఇందుకు కన్నులతో పాటు నోరు కూడ కావలెను. ప్రత్యర్థులు మన కాపలాదారునికి అడ్డముగా నిలుచుటను స్క్రీన్ అందురు. వెనుక ఉన్నవాడు కేక వేసి చెప్పనిదే అది ముందున్నవానికి తెలియదు. మా జట్టులో ముగ్గురు ఉర్దూ మాధ్యమమువారు, ఇద్దరు పల్లెలనుండి వచ్చిన తెలుగువారు. “బాయే!” అని కేక వినబడినప్పుడు ఆ ఇద్దరిలో ఒకడు ఎటు చూడవలెనో తెలియక నిలిచిపోయెడివాడు. ఒకనాటి సాయంత్రము అందరము కూర్చుండి మూడు మాటలు నిర్ణయించుకొన్నాము: ఎడమకు ‘బాయే’, కుడికి ‘కుడి’, సాయమునకు ‘మదద్’. తెలుగువారి ‘మద్దతు’ ఆ ‘మదద్’ నుండి వచ్చినదే గనుక దానిని ఎవరును నేర్చుకొనవలసిన పని లేకపోయినది. ఆ మూడు మాటలు మాకు మూడు నెలల వ్యాయామమంత మేలు చేసినవి.

ప్రత్యేక వ్యూహముల సంగతి

నలుగురు చతురస్రముగా నిలిచి బుట్టను కాయగా, ఐదవవాడు గార్డును నీడవలె వెంబడించుటను ‘బాక్స్ అండ్ వన్’ అందురు. 2019లో అమెరికా వృత్తి క్రీడాకారుల తుది పోటీల రెండవ ఆటలో, టొరంటో రాప్టర్స్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ గార్డు స్టీఫెన్ కరీపై దీనిని ప్రయోగించినది. చివరి భాగమున వారియర్స్ ఐదు నిమిషములకు పైగా ఒక్క పాయింటును చేయలేకపోయిరి. 12 పాయింట్ల తేడా రెండుకు దిగినది. కాని కడపటి క్షణములలో కాపలా లేక విడువబడిన ఆండ్రే ఇగుడాలా మూడు పాయింట్ల షాట్ వేసి, తన జట్టును 109–104తో గెలిపించినాడు. వ్యూహము ఒకనిని కట్టివేయును. విడిచిపెట్టిన వానినుండి ముప్పు వచ్చును. అయినను ఆ పోటీలను తుదకు 4–2తో గెలిచినది టొరంటో జట్టే.

దీనికంటె వింతైన ఉదాహరణము అదే కరీ విద్యార్థి దశలోనిది. 2008 నవంబరులో డేవిడ్‌సన్ కళాశాలపై మేరీలాండ్‌లోని లొయోలా కళాశాల ఆడినప్పుడు, లొయోలా శిక్షకుడు ఆట పొడవునను ఇద్దరిని కరీ మీదనే నిలిపినాడు. కరీ ఒక్క పాయింటైనను చేయలేదు. కాని అతడు తగవుపడక, ఒక మూలకు పోయి నిలిచి, ఆ ఇద్దరిని అక్కడనే ఉంచినాడు. అతని సహచరులు నలుగురు, ప్రత్యర్థులు ముగ్గురు! డేవిడ్‌సన్ 78–48తో గెలిచినది. మేటి గార్డును ఆపుటయు, ఆట గెలుచుటయు ఒకటి కావని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

కాబట్టి ఈ వ్యూహములను ఆటలో మూడు నాలుగు నిమిషములు, ప్రత్యర్థిని తికమక పెట్టుటకు వాడుట మంచిది. పిన్నలు ముందుగా నేర్వవలసినది ఒక్కొక్కడు ఒక్కొక్కని కాయు మ్యాన్ టు మ్యాన్ పద్ధతి. అది రానివానికి ఏ చతురస్రమును అక్కరకు రాదు. మరియొక ఉపాయము కూడ కలదు. మన వంతు వచ్చినప్పుడు ఆ గార్డు కాయుచున్న వానికే బంతి నిచ్చి, అతనిచేతనే కాపలా చేయించవలెను. ఒక వైపు అలసినవాడు రెండవ వైపు మునుపటివలె ఎగురలేడు.

మూడవ ఏడు

ఈ సంవత్సరము అదే జట్టు, అదే గార్డు మరల ఎదురైనారు. మా కాపలాదారుడు ఆట పొడవునను అతని ముందు నిలిచినాడు. రెండే ఫౌళ్లు చేసినాడు. ఒక్క పాయింటును చేయలేదు. ఆ గార్డు 14 పాయింట్లు చేసినాడు. వాటికై అతడు పడిన శ్రమను మేమే చూచినాము. మేము 2 పాయింట్లతో ఓడిపోయినాము. ఈల మ్రోగినంతనే అతడు తన జట్టువద్దకు పోక, నేరుగా మా కాపలాదారుని వద్దకు వచ్చి కౌగిలించుకొన్నాడు. ఆనాటి బస్సులో పాటలు వినబడినవి.

కళాశాల కమిటీవారికి రెండు మనవులు. వార్షికోత్సవమున అత్యధిక పాయింట్లు చేసిన ఆటగానికి బహుమతి ఇచ్చుచున్నారు, మిక్కిలి సంతోషము. కాని స్కోరు పుస్తకమున కాపలాకు గడి లేదు. ప్రత్యర్థిని ధర్మముగా ఆపినవానికి కూడ ఒక చిన్న బహుమతి ఏర్పరచిన యెడల, మా తరువాతివారు పాయింట్ల కొరకే గాక ఒకరికొకరు తోడుగా నిలుచుటకును పోటీపడుదురు. రెండవది, కోర్టు ఎడమ మూలన సిమెంటు పగిలియున్నది. ఒక చీలమండ మడతపడుట మేము కన్నులార చూచినవారము. అది మరియొకరికి జరుగకమునుపే దానిని బాగుచేయింపగోరుచున్నాము.