గొంతు వాడిదే... పిలుపు వాడిది కాదు!

"నానమ్మా! బండితో ఒకాయన్ని గుద్దేశాను. పోలీసులు పట్టుకున్నారు. అర్జంటుగా 40 వేలు కావాలి. అమ్మకి చెప్పకు..."

ఆమధ్య ఓ మధ్యాహ్నం మా అత్తయ్యగారికి వచ్చిన ఫోను ఇది. గొంతు అచ్చం చెన్నై హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అబ్బాయిదే. ఆ ఏడుపూ వాడిదే. ఆవిడ వణికిపోతూ బీరువా తాళాల కోసం వంటింట్లోకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

"అమ్మాయ్, వీడు నన్ను నానమ్మా అన్నాడేమిటే?"

మాటలు వచ్చినప్పటి నుంచీ మా వాడికి ఆవిడ 'మామ్మే'. వెంటనే వాడికి ఫోన్ చేశాను. నిక్షేపంగా మెస్సులో భోంచేస్తున్నాడు! "గొంతు వాడిదే గానీ పిలుపు వాడిది కాదే" అంటూ అత్తయ్య కుర్చీలో కూలబడ్డారు. కాస్త తేరుకోగానే అన్నమాట, "ఎవరికీ చెప్పకు, నవ్విపోతారు."

ఇది కృత్రిమ మేధ, అదే ఏఐ చేసే మాయ. పెళ్ళి వీడియోలో కొద్ది సెకన్ల మాట దొరికినా చాలు, ఆ గొంతుని దించేస్తుంది. ముఖాలూ అంతే. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొకామె వీడియోకి అతికించి దేశమంతా తిప్పలేదూ? 2024 జనవరిలో ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసింది మన ఆంధ్రప్రదేశ్ కుర్రాణ్ణే.

మరి దీన్ని ఆపేవాళ్ళు లేరా? ఆ ప్రయత్నం మొదలైంది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 10 వేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో 'ఇండియా ఏఐ మిషన్'ని ఆమోదించింది. అందులోని 7 భాగాల్లో ఒకటి అచ్చంగా భద్రత, నమ్మకం కోసమే. 2025 జనవరిలో ఏఐ భద్రతా సంస్థనీ ప్రకటించారు. ఇది ఒకే భవనంలో నడిచేది కాదు. బండిచక్రం ఆకుల్లా అనేక విద్యాసంస్థలు పని పంచుకుంటాయి.

2025లో ఎంపిక చేసిన పరిశోధనలు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. దొంగ గొంతుని మాట్లాడుతుండగానే పసిగట్టే పద్ధతి కోసం ఖరగ్‌పూర్ ఐఐటీ పనిచేస్తోంది. దొంగ వీడియోలతోపాటు దొంగ సంతకాలనీ పట్టే పని మండీ ఐఐటీ చేపట్టింది. మరొకటి మనకోసమే అనిపించింది. వ్యవసాయ సలహాలిచ్చే ఏఐలో ఆడవాళ్ళపట్ల వివక్ష ఉందేమో పరీక్షించడం! నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్ళే అయినా 'రైతన్నా' అనే కదా మనకి అలవాటు? యంత్రం మన రాతలనుంచే నేర్చుకుంటుంది మరి.

కుక్కరు కొనేముందు ఐ.ఎస్.ఐ. మార్కు చూస్తాం. ఎవరో ముందే పరీక్షించారన్న ధైర్యంతో పొయ్యిమీద పెడతాం. ఇంట్లోకి వచ్చే ఏఐకీ అలాంటి పరీక్ష ఉండాలిగా! ఇవాళ 'నానమ్మా' అని దొరికిపోయిన యంత్రం రేపు 'మామ్మా' అనడమూ నేర్చుకోవచ్చు. అప్పుడు మా అత్తయ్య చెవి ఒక్కటే చాలదు.

అయితే శాస్త్రవేత్తలమీదే భారం వేసి కూర్చుంటే కుదరదు. పరువు పోతుందని మనం దాచేస్తే, ఏం జరుగుతోందో వాళ్ళకి తెలిసేదెలా? డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. పోకపోయినా, అనుమానం వచ్చిన ఫోను సంగతి 'సంచార్ సాథీ'లోని 'చక్షు' విభాగంలో చెప్పొచ్చు. మేం చెప్పాం. ఫిర్యాదు నేను రాస్తుంటే, "పిలుపు సంగతి కూడా రాయి" అని పక్కనే కూర్చుని గుర్తుచేశారు అత్తయ్య. నవ్విపోతారన్న ఆవిడే ఇప్పుడు గుడి మెట్లమీద నలుగురినీ కూర్చోబెట్టి ఈ కథ చెబుతున్నారు!

అన్నట్టు, మా ఇంట్లో ఒక రహస్యపు మాట పెట్టుకున్నాం. డబ్బు అడిగినవాళ్ళు ముందు ఆ మాట చెప్పాలి. చెప్పలేకపోతే కన్నకొడుకైనా సరే, ఫోన్ పెట్టేసి మళ్ళీ మనమే వాడి నెంబరుకి చెయ్యడమే. మీరూ ఒకటి పెట్టుకోండి. మాది ఏమిటంటారా? అమ్మో, చెప్పనుగా!