మోటారు కార్ల మన్నికపట్టికలు - వాని ప్రామాణ్యము

వస్తువును కొనువానికి రెండు భయములు గలవు. ధర యెక్కువ యిచ్చితినేమో యనునది మొదటిది; కొన్న వస్తువు నిలుచునో నిలువదో యనునది రెండవది. మొదటి భయము కొలది దినములలోనే తీఱును. రెండవది యేండ్ల తరబడి వెన్నంటి యుండును. మన క్రోసూరు ప్రాంతమున ప్రత్తియు మిరపయు పండించు కుటుంబము మంచి యేటి మిగులుతో కారు కొనునపుడు గాని, సత్తెనపల్లికిని గుంటూరునకును బాడుగకు ద్రిప్పి జీవింపదలచిన యువకుడు అప్పు చేసి పాత కారు కొనునపుడు గాని, ఈ రెండవ భయమే ముఖ్యము. బండి మూలబడిన దినమున బాడుగ రాదు. అప్పు వాయిదా మాత్రము తప్పక వచ్చును.

ఇట్టివారికి నేడు చేతిలోని ఫోనునందే, ఏ కంపెనీ కారు మన్నికైనదో వరుస సంఖ్యలు వేసి చూపు పట్టికలు దొరకుచున్నవి. అవి యెట్లు పుట్టుచున్నవి? వానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ విషయమును కొంచెము విచారింతము.

అమెరికాలో 1968వ సంవత్సరమున స్థాపింపబడిన జె. డి. పవర్ అను సంస్థ, మూడేండ్లు వాడిన కార్ల యజమానులను ప్రశ్నించి, గడచిన పండ్రెండు నెలలలో బండికి ఏయే లోపములు గలిగెనో తెలిసికొనును. నూఱు బండ్లకు ఎన్ని లోపములో లెక్కించి, తక్కువ లోపములు గల కంపెనీని ముందుంచును. 1936లో వెలసి, నేడు కన్స్యూమర్ రిపోర్ట్స్ అను పేర నడచుచున్న సంస్థ తన సభ్యులను అడిగి, ఇంజను గాని గేరుబాక్సు గాని చెడినచో పెద్ద లోపముగను, చిల్లర చప్పుళ్ళను చిన్న లోపముగను తూకము వేయును. తూనికఱాళ్ళు వేఱైనప్పుడు తూకము వేఱగును. కావున ఒకే కంపెనీ ఒక పట్టికలో పైనను, మఱియొక పట్టికలో క్రిందను ఉండుట వింత కాదు. జె. డి. పవర్ వారి బహుమాన ముద్రను ప్రకటనలలో వాడుకొను కంపెనీలు అందులకు రుసుము చెల్లించును. కన్స్యూమర్ రిపోర్ట్స్ వారు కంపెనీల ప్రకటనలను స్వీకరింపరు. రుసుమును బట్టి పట్టిక తప్పని చెప్పరాదు గాని, ప్రకటనలో మనకు కనబడునది పట్టికలోని మేలిభాగము మాత్రమేయని యెఱుగవలెను.

మన రాష్ట్రమునకు సంబంధించిన ఉదాహరణము నొకదానిని జూతము. పెనుకొండ సమీపమున కియా కంపెనీవారు కట్టిన కర్మాగారమునందు 2019లో సెల్టోస్ కార్ల తయారీ మొదలయ్యెను. 2022లో జె. డి. పవర్ వారి అమెరికా పట్టికయందు ఈ కియాయే నూఱు బండ్లకు 145 లోపములతో ప్రథమస్థానము నందెను. బ్యూక్ 147తోను, హ్యుందాయ్ 148తోను తరువాత నిలిచినవి. అన్ని కంపెనీల సగటు 192. ఇది వినిన తెలుగువాడు మన పెనుకొండ కారే ప్రపంచమున మొదటిదని సంతసించుట సహజము. కాని యా పట్టిక చెప్పినది అది కాదు. అందు లెక్కింపబడినవి అమెరికాలో అమ్ముడైన 2019 నాటి కార్లు. వానిలో పెనుకొండలో తయారైనది ఒక్కటియు లేదు. పేరు ఒకటే; కర్మాగారము వేఱు, త్రోవ వేఱు, దుమ్ము వేఱు, మోయు బరువు వేఱు.

ఇక అంకెలను పరిశీలింతము. మొదటిదానికిని మూడవదానికిని గల భేదము నూఱు బండ్లలో మూడు లోపములు మాత్రమే. ఒక్క బండిని కొనువానికి ఆ భేదము కనబడనే కనబడదు. సగటుతో పోల్చినచో భేదము 47. ఇది లెక్క పెట్టదగినది. వరుస సంఖ్య ఈ రెండు భేదములను ఒకే తీరున మెట్లుగా జూపును. అందుచేత స్థానమును గాక, దాని వెనుకనున్న అంకెను జూడవలెను. మఱుసటి యేడు, 2023లో, లెక్సస్ 133తో మొదటిది కాగా కియా 152తో మూడవదయ్యెను. ఒక్క యేటి పట్టికను శిలాశాసనముగ భావింపరాదు.

లోపమనగా నేమి యనునది మఱొక ప్రశ్న. ఈ పట్టికలలో అన్నిటికంటె మిక్కిలిగా వచ్చిన ఫిర్యాదులు ఇంజనును గూర్చినవి కావు. పాటలు, దారి పటములు చూపు తెరను గూర్చియు, ఫోను దానితో సరిగ కలియకపోవుటను గూర్చియు వచ్చినవి. బాడుగ బండివానికి తెర చెడుటయు, క్లచ్చి చెడుటయు సమానములు కావు. మన్నిక వేఱు, ప్రాణరక్షణ వేఱు అనికూడ తెలియవలెను. భారతదేశమున తయారైన సెల్టోసునకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి ఢీకొట్టు పరీక్షయందు పెద్దవారి రక్షణకు అయిదింటిలో మూడు నక్షత్రములే లభించినవి.

అన్నము ఉడికినదా యని చూచుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. అది నిజమే, ఏలయన కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటపై నుడికినవి. మిరపకాయల టిక్కీ అట్టిది కాదు. పైన మేలు కాయలు పఱచి, అడుగున తాలుకాయలు ఉంచవచ్చును. అందుచే కొనువాడు చేయి లోనికి పెట్టి మచ్చు తీయును. సర్వేయందును మచ్చు ఎచ్చటనుండి తీసిరను ప్రశ్నయే ముఖ్యము. 1936లో అమెరికాలోని లిటరరీ డైజెస్టు అను వారపత్రిక టెలిఫోను పుస్తకములనుండియు, కార్ల రిజిస్ట్రేషను పట్టికలనుండియు పేళ్ళు తీసి, సుమారు కోటి మందికి కార్డులు పంపి, ఇరువది లక్షలకు పైగా జవాబులు పొంది, అధ్యక్షపదవికి లాండన్ గెలుచునని ప్రకటించెను. 48 రాష్ట్రములలో 46 రూజ్వెల్టు గెలిచెను. ఆ దినములలో ఫోనును కారును గలవారు కలిమి గలవారు; పైగా జవాబు పంపినవారు అందు కొందఱే. మచ్చు వంకరైనచో సంఖ్య యెంత పెద్దదైనను ప్రయోజనము లేదు. పైన జెప్పిన కార్ల పట్టికలో జవాబిచ్చినవారు క్రొత్త బండిని కొన్న మొదటి యజమానులు. రెండవ చేతిలో, మూడవ చేతిలో పడిన బండి కథ అందు లేదు. మన పల్లెలలో కొనునవి తఱచు అట్టి బండ్లే.

అట్లని పట్టికను విడిచి మేస్త్రి మాటనే నమ్మవలెనా? అందును ఒక చిక్కు గలదు. మేస్త్రి చూచునది చెడి వచ్చిన బండ్లను మాత్రమే. ఊరిలో ఒక రకపు కార్లు నూఱుండి అందు పది చెడెననుకొందము. మఱియొక రకపువి పదియే యుండి నాలుగు చెడెననుకొందము. మేస్త్రి షెడ్డులో మొదటి రకమే యెక్కువగ కనబడును; నిజమునకు చెడ్డది రెండవది. కావున ఎన్ని చెడినవని యడిగినప్పుడు, ఎన్నింటిలో అనికూడ అడుగవలెను. మేస్త్రి మాట వేఱొక పనికి మిక్కిలి విలువైనది: ఏ విడిభాగము సత్తెనపల్లిలోనే దొరకును, ఏది హైదరాబాదునుండి రావలెను, దాని ఖరీదెంత యనునది ఏ పట్టికయు చెప్పదు.

కాగా, పట్టికను వరునిగా గాక, పెండ్లి సంబంధము చెప్పువానిగ నెంచుట మేలు. పలు సంవత్సరములు, పలు పట్టికలలో అడుగున నిలిచిన కారును విడిచిపెట్టుటకు అది చక్కగ నుపకరించును. పైనున్న నాలుగైదింటిలో ఏది కొనవలెనో నిర్ణయించుటకు చాలదు. అటుపై అదే రకపు కారును మన త్రోవలలోనే లక్ష కిలోమీటర్లు నడపిన ఇద్దఱు ముగ్గురు డ్రైవర్లను అడుగవలెను. పాత బండియైనచో సర్వీసు చీటీలు చూచి, అమ్మువానితో సంబంధము లేని మేస్త్రిచే పరీక్ష చేయించి, అప్పుడే బయానా ఇయ్యవలెను.

విద్యార్థులారా! ఇంటిలో కారు కొనుమాట వచ్చినప్పుడు ఫోనులోని పట్టికను పెద్దలకు చదివి చెప్పువారు మీరే. మొదటి పేరు చదివి యూరకుండకుడు. ఎవరిని అడిగిరి, ఎచ్చటి బండ్లను గూర్చి అడిగిరి, దేనిని లోపమనిరి, భేదమెంత - ఈ నాలుగింటిని గూడ చదివి చెప్పుడు. మీరు తరగతిలో నేర్చిన సగటులును శాతములును ఆ దినమున మీ తండ్రిగారి కష్టార్జితమునకు కాపుగ నుండగలవు.