మైళ్లు ఎవరి పేరున పడ్డాయి?

నేను ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు. అయినా మా చుట్టాల్లో ఎవరు అమెరికా పోతున్నా టికెట్ పీడీఎఫ్ ముందు నా వాట్సాప్‌కే వస్తుంది. దాని కింద ఒక వాయిస్ మెసేజ్: "ఇందుల మైళ్లు ఏమన్నా వస్తయా, జర చూడు రా." ఇంటర్ సెలవుల్లో ఎవరికో సాయం చేద్దామని మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ల చుట్టాలకూ నేనే మైళ్ల గుమాస్తాని. మన క్లబ్‌లో ఈసారి "ప్రయాణం" మీద రాయమన్నారు. అందరూ అరకు, గోవా రాస్తారు కాబట్టి నాకు తెలిసిన లెక్కలు నేను రాస్తున్నా.

"మైళ్లూ పాయింట్లూ నెలకి నాలుగుసార్లు తిరిగే సూట్‌కేసు సార్లకి గానీ మనకెందుకు" అని చాలామంది కొట్టిపారేస్తారు. ఒక్కసారి దూరాలు చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వెళ్లి రావాలంటే గాల్లో దాదాపు 19 వేల మైళ్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 780 మైళ్లు. అంటే పురుటికి డాలస్ వెళ్లొచ్చిన మా పెద్దమ్మ ఆ ఒక్క ప్రయాణంలో, నెలనెలా ఢిల్లీ వెళ్లొచ్చే ఆఫీసరు ఏడాదంతా తిరిగినంత తిరిగింది. పక్కన పెదనాన్న కూడా ఉన్నాడు కాబట్టి రెట్టింపు. వాళ్ల ఇంట్లో టికెట్ల మీద పెట్టిన లక్షలకి లెక్క ఉంది కానీ, వాటితోపాటు వచ్చిన మైళ్లకి లెక్క లేదు.

అసలు ఈ మైలు ఏంటో ముందు చూద్దాం. 1978లో అమెరికాలో విమాన చార్జీల మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. కంపెనీలు ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నాయి. వచ్చిన గిరాకీని నిలుపుకోవడానికి 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ "ఆడ్వాంటేజ్" పథకం పెట్టింది. తిరిగిన మైళ్లు ఖాతాలో రాస్తాం, చాలినన్ని అయ్యాక ఉచితంగా తిప్పుతాం అంది. కొద్ది రోజులకే యునైటెడ్ కూడా దిగింది. మొదట్లో మైలంటే నిజంగా మైలే. ఇప్పుడు పేరు మాత్రమే మిగిలింది. డెల్టా, యునైటెడ్ 2015 నుంచీ, మన ఎయిరిండియా 2024 నుంచీ దూరాన్ని కాకుండా టికెట్‌కి కట్టిన డబ్బుని బట్టి పాయింట్లు ఇస్తున్నాయి. కొన్ని కంపెనీలు దూరం, టికెట్ తరగతి రెండూ కలిపి చూస్తాయి. ఏ పద్ధతైనా అన్నిటికన్నా చవక టికెట్‌కి అన్నిటికన్నా తక్కువ పాయింట్లు. ఏజెంట్ దగ్గర గ్రూపు రేటుకి కొన్నవాటికి ఒక్కోసారి సున్నా.

ఆర్టీసీలో ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో క్యాట్ కార్డు, వనిత కార్డు ఉండేవి. చూపిస్తే చార్జీలో పది శాతం తగ్గేది. అది రాయితీ, అక్కడికక్కడే చేతికొచ్చేది. మైళ్లు అట్లా కాదు, తర్వాత ఇస్తామన్న మాట. ఇందులో తేడా రెండు చోట్ల వస్తుంది. ఆ మాట ఎవరికి ఇచ్చారు? ఎంతకాలం నిలుస్తుంది?

మొదటిది ముందు. కోదాడలో లారీల వాళ్లకి ఇది బాగా తెలుసు. డీజిల్ కొట్టించడానికి ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌ట్రాపవర్, భారత్ పెట్రోలియం వాళ్ల స్మార్ట్‌ఫ్లీట్, హెచ్‌పీ వాళ్ల డ్రైవ్‌ట్రాక్ ప్లస్ లాంటి కార్డులు ఉంటాయి. పాయింట్లు కార్డు ఖాతాలోకి, అంటే ఓనర్‌కి. రాత్రంతా స్టీరింగ్ పట్టింది డ్రైవరే అయినా సరే. విమానంలో దీనికి పూర్తి తిరగేసి. డబ్బు ఎవరు కట్టినా మైళ్లు సీట్లో కూర్చున్న మనిషివే. అమెరికాలో ఉన్న కొడుకు తన కార్డుతో అమ్మానాన్నలకి టికెట్లు కొని, తన మెంబర్‌షిప్ నంబర్ కొట్టేస్తే అవి పడవు. అమ్మకి ఒక ఖాతా, నాన్నకి ఒక ఖాతా కావాలి. తెరవడానికి రూపాయి ఖర్చు లేదు, ఒక ఈమెయిల్ చాలు.

ఇక్కడే మన తెలుగువాళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది: పేరు. ఖాతాలో పేరు, టికెట్ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు ఒక్కటే అయ్యుండాలి. మనకేమో టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో అత్తగారింటి ఇంటిపేరు. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో. మా పెద్దమ్మ మొదటి ప్రయాణం మైళ్లు ఇట్లాగే పోయాయి. ఎవరో ఆధార్ చూసి ఖాతా తెరిచారు, టికెట్ పాస్‌పోర్టు చూసి కొన్నారు. కంప్యూటర్‌కి ఇద్దరూ వేరే వేరే మనుషులు. కంపెనీకి ఉత్తరాలు రాసేసరికి గడువు దాటిందన్నారు. రెండోసారి వెళ్లేముందు పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం అదే స్పెల్లింగ్‌తో ఖాతా తెరిచాం. దిగిన వారంలోపే మైళ్లు కనిపించాయి.

టికెట్ కొనేటప్పుడు నంబర్ ఇవ్వకపోయినా కొంప మునగదు. పీఎన్‌ఆర్‌తో కంపెనీ సైట్‌లోకి పోయి తర్వాత చేర్చొచ్చు, శంషాబాద్ కౌంటర్ దగ్గరా చెప్పొచ్చు. తిరిగొచ్చాక కూడా "మిస్సింగ్ మైల్స్" అని అడిగే పద్ధతి ఉంది. దానికి గడువు ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకని బోర్డింగ్ పాస్ ముక్కని పెట్టెలు విప్పిన రోజే పారేయకండి.

వేరువేరు ఖాతాల్లో చిల్లరగా పడ్డవి ఎందుకూ పనికిరావు. ఎమిరేట్స్ స్కైవార్డ్స్‌లో "మై ఫ్యామిలీ" అని ఎనిమిది మంది దాకా ఒకే కుండలో పోసుకునే వీలుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లోనూ ఇలాంటిది ఉంది. దీనికన్నా ముందు తెలియాల్సింది కూటముల సంగతి. 1997లో మొదలైన స్టార్ అలయన్స్‌లో లుఫ్తాన్సా, యునైటెడ్ ఉన్నాయి, 2014లో ఎయిరిండియా చేరింది. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ మూడూ వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. ఒకే కూటమిలో ఏ విమానం ఎక్కినా మైళ్లు మీకు నచ్చిన ఒక్క ఖాతాలో వేయించుకోవచ్చు. ఎయిరిండియాలో వెళ్లి, లుఫ్తాన్సాలో తిరిగొచ్చి, రెండూ యునైటెడ్ ఖాతాలో రాయించుకోవచ్చన్నమాట. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. పెద్దవాళ్లని ఈసారి దుబాయ్ మీదుగా, వచ్చేసారి దోహా మీదుగా, ఆపైన ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పంపేవాళ్లకి మూడు ఖాతాల్లో మూడు గుప్పెళ్లు మిగులుతాయి. అట్లాగని మైళ్ల కోసం పదివేలు ఎక్కువ పెట్టి టికెట్ కొనమని నేను చెప్పను. రేటు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే పాత కంపెనీ వైపు మొగ్గండి.

ఇక రెండో ప్రశ్న, మాట ఎంతకాలం నిలుస్తుంది? మన ఊళ్ల భాషలో చెప్తా. మైళ్లంటే కంపెనీ రాసిచ్చిన ప్రోనోటు. కాకపోతే అసలెంతో, గడువెంతో వాళ్లే మార్చుకోవచ్చు, మన సంతకం అక్కర్లేదు. నిన్న 40 వేల మైళ్లకి వచ్చిన సీటు రేపు 60 వేలు అంటే అడిగేవాడు లేడు. కంపెనీయే మునిగితే? 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది, కింగ్ క్లబ్ మైళ్లు గాలికి పోయాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. కానీ జెట్‌ప్రివిలేజ్ వేరే కంపెనీ కావడం, అందులో పెద్ద వాటా ఎతిహాద్‌ది కావడం వల్ల మైళ్లు బతికి, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకున్నాయి. 2024 నవంబర్‌లో విస్తారా ఎయిరిండియాలో కలిసింది, పాయింట్లు కూడా అటు మారాయి. మూడు కంపెనీలు, మూడు కథలు. కంపెనీల వైపు నుంచి చూస్తే మాత్రం ఇవి గాలి మాటలు కావు. బ్యాంకులు క్రెడిట్ కార్డుల కోసం మైళ్లని డబ్బిచ్చి కొంటాయి. 2020లో కరోనాకి విమానాలన్నీ నేల మీదుంటే యునైటెడ్ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది.

కాబట్టి దాచుకోవడం తెలివి కాదు, వాడుకోవడమే తెలివి. ఎట్లా వాడాలో తేల్చడానికి ఒక చిన్న భాగహారం చాలు. ఢిల్లీ టికెట్ 7,000 రూపాయలు అనుకుందాం. పాయింట్లతో అయితే 12,000 పాయింట్లు, పైన పన్ను 1,000. మిగిలింది 6,000 రూపాయలు. దాన్ని 12,000తో భాగిస్తే పాయింట్‌కి 50 పైసలు. అవే 12,000 పాయింట్లకి కంపెనీ కేటలాగ్‌లో 2,400 రూపాయల మిక్సీ ఇస్తానంటే పాయింట్‌కి 20 పైసలు. మిక్సీ బజార్లో కొనుక్కోండి. పన్నులు కూడా చూడాలి. కొన్ని కంపెనీలు "ఉచిత" టికెట్ మీద సర్‌చార్జి పేరుతో వేలకి వేలు గుంజుతాయి.

ఈ లెక్కని చివరిదాకా లాగినవాడు అమెరికాలో ఒకాయన ఉన్నాడు, డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు. 1999లో ఒక ఫుడ్ కంపెనీ తన ప్యాకెట్ల మీది బార్‌కోడ్‌లు పంపితే మైళ్లిస్తానంది. ఈయన పావు డాలర్ పుడ్డింగ్ కప్పులు 12,150 కొని, 12 లక్షలకి పైగా మైళ్లు పట్టాడు. బార్‌కోడ్‌లు పీకిపెట్టే పని చేసినందుకు కప్పుల్ని సేవా సంస్థలకి ఇచ్చేశాడు. మన బ్రాంచి వాళ్లు గర్వపడొచ్చు.

మా కోదాడ బావ కన్సల్టెంట్. కొన్నేళ్లు సోమవారం పొద్దున విమానం, గురువారం రాత్రి ఇంటికి. మధ్యలో మూడు రాత్రులు హోటల్. ఖర్చంతా క్లయింట్‌ది, మైళ్లూ హోటల్ పాయింట్లూ బావవి. హోటళ్ల గురించి ఆయన దగ్గర నేర్చుకున్నది రెండు ముక్కలు. బయటి బుకింగ్ సైట్‌లో కొంటే మామూలుగా పాయింట్లు రావు, హోటల్ సొంత సైట్‌లోనే కొనాలి. మారియట్ లాంటి చోట వరుసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే ఒక రాత్రి ఉచితం. అత్తామామల్ని నయాగరా అట్లాగే తిప్పి తెచ్చాడు. పొద్దున్నే వాఫిల్ తప్ప ఏమీ లేదని మామయ్య అలిగాడు, అది వేరే కథ.

ఆ మామయ్యే రెండేళ్ల కింద పోయాడు. కబురు తెల్లవారుజామున వచ్చింది, అక్కడ అది సాయంత్రం. మర్నాటి టికెట్లు మామూలు రేటుకి రెండింతలు దాటి ఉన్నాయి. మొత్తం కుటుంబానికి అంటే చేతిలో లేని డబ్బు. బావ తన యునైటెడ్ ఖాతాలోని మైళ్లతో నలుగురికీ సీట్లు తీశాడు, రెండు వేరు వేరు విమానాల్లో. పిల్లలు కూడా తాతని చివరిసారి చూశారు. మన ఊళ్ల నుంచి పిల్లల్ని దూరం పంపిన ప్రతి ఇంట్లో ఈ రోజు గురించి ఎవరూ పైకి మాట్లాడరు, కానీ అందరి మనసులోనూ ఉంటుంది. అందుకే వాడేయమన్న నా మాటకి ఒక్క మినహాయింపు: వన్‌వే టికెట్‌కి సరిపడా మైళ్లు కదిలించకుండా ఉంచండి. అవి గడువు లేని ఖాతాలో ఉండాలి. యునైటెడ్ 2019 నుంచి గడువు తీసేసింది, డెల్టాకీ లేదు. స్కైవార్డ్స్‌వి మూడేళ్లకి పోతాయి. మైళ్లతో సీటు ప్రతిసారీ దొరుకుతుందని హామీ ఏమీ లేదు, దొరికినప్పుడు మాత్రం పెద్ద ఆసరా.

ఎంఎస్‌కి వెళ్లబోయే సీనియర్లకి: మీ మొదటి ప్రయాణంలో మైళ్ల కన్నా స్టూడెంట్ ఆఫర్ పెద్దది. ఖతార్ వాళ్ల స్టూడెంట్ క్లబ్‌లో 18 నుంచి 30 ఏళ్ల లోపు వాళ్లకి టికెట్ మీద తగ్గింపు, అదనపు లగేజీ ఉన్నాయి. ఎమిరేట్స్, ఎయిరిండియా కూడా విద్యార్థి రేట్లు ఇస్తాయి. ఏజెంట్ చెప్పిన రేటుతో వీటిని పోల్చాకే డబ్బు కట్టండి. ఆవకాయ జాడీలకి ఆ అదనపు కిలోలు ఎంత విలువైనవో అమ్మలకి తెలుసు. మెంబర్‌షిప్ మాత్రం ఆ మొదటి టికెట్ నుంచే తీసుకోండి.

ఇంకొక్కటి. శంషాబాద్‌లో దండలతో దిగిన ఫొటో స్టేటస్‌లో పెట్టుకోండి కానీ, చేతిలో బోర్డింగ్ పాస్ కనపడనీయకండి. పీఎన్‌ఆర్, ఇంటిపేరు తెలిస్తే చాలు, మీ బుకింగ్‌లోకి ఎవరైనా దూరొచ్చు. తిరుగు టికెట్ రద్దు చేసినా చేయొచ్చు. "మీ రివార్డ్ పాయింట్లు ఈ రాత్రికి ముగుస్తున్నాయి, ఈ యాప్ వేసుకోండి" అని మెసేజ్ వస్తే అది దొంగదే. ఏ కంపెనీ కూడా వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపదు. ఇంట్లో పెద్దవాళ్లు అప్పటికే నొక్కేసి ఉంటే తిట్టడం తర్వాత, ముందు బ్యాంకుకి చెప్పి 1930కి ఫోన్ కొట్టండి.