మునేరు నీళ్లు మన బిందెలోకే: జలజీవన్ మిషన్ లబ్ధిదారులకు సూచనలు

చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర మునేరు కృష్ణలో కలుస్తుంది. చేలల్లో వేసిన ఎరువు, కొట్టిన మందు వానకి కొట్టుకొచ్చి వాగుల్లోకి, బోర్లలోకి చేరతాయి.

మీరు చేయాల్సినవి:

1. మందు కొట్టిన స్ప్రేయర్లు, డబ్బాలు వాగులో కడగొద్దు.

2. వాగు గట్టున గడ్డి, చెట్లు ఉంచండి. మట్టి, ఎరువు అక్కడే ఆగుతాయి.

3. పేడకుప్ప, మురుగు గుంట బోరుకు దూరంగా పెట్టండి.

నీళ్ల పరీక్ష ఎలా?

ఈ పథకం కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పుతారు. మీ బోరు నీళ్లు వాళ్లతో పరీక్ష చేయించుకోండి. లీటరుకు నైట్రేట్ 45, ఫ్లోరైడ్ 1.5 మి.గ్రా. దాటితే తాగొద్దు. నైట్రేట్ కాచినా పోదు. పసిపిల్లల పాలల్లో ఆ నీళ్లు అసలు కలపొద్దు. వెంటనే గ్రామ సచివాలయంలో చెప్పండి.