బానెట్‌కు అతికించు గాలిపలక: పికప్ బండ్ల వారికి కొన్ని మాటలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పొలము నుండి అంగడికి సరకు చేరవేయు పని నేడు చాలవఱకు పికప్ బండ్ల పాలైనది. కొల్లిపర, కొల్లూరు ప్రాంతముల అరటిగెలలు, దుగ్గిరాల యార్డుకు పోవు పసుపు బస్తాలు, తెనాలి మార్కెట్టుకు వచ్చు నిమ్మకాయల గోనెలు, నిజాంపట్నము రేవు నుండి మంచులో పెట్టి పంపు చేపలు, రొయ్యలు ఇవి అన్నియు తెల్లవారక పూర్వమే గమ్యము చేరవలసిన సరకులు. కావున ఈ బండ్లు నడుచునది ఎక్కువగా రాత్రివేళలలో. రాత్రి నడుచు బండికి మన డెల్టాలో వచ్చు చిక్కు ఒకటి కలదు. అది పురుగుల చిక్కు.

ఆశ్వయుజ, కార్తిక మాసములలో వరిచేలు పొట్టకు వచ్చి ఈనుచుండును. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన సాంబమసూరి, రైతుల నోట బి.పి.టి. 5204, ఈ కాలువల క్రింద ఎంత విస్తారముగా సాగగుచున్నదో చెప్పనక్కరలేదు. ఆ చేలలో పచ్చ దీపపు పురుగులు, సుడిదోమ, కాండము తొలుచు పురుగు యొక్క రెక్కల పురుగులు రాత్రి కాగానే వెలుతురు వైపునకు ఎగిరివచ్చును. వ్యవసాయశాఖవారు పొలములలో దీపపు ఎరలు పెట్టి పురుగుల ఉద్ధృతిని అంచనా వేయునది ఈ స్వభావమును బట్టియే. బండి ముందు దీపములు కూడ అటువంటి ఎరయే; కాకపోతే అది పరుగెత్తుచుండును.

ముందు అద్దముపై పడిన పురుగు చితికి, దాని శరీరములోని ద్రవము గాజుకు అంటుకొని క్షణములలో ఆరిపోవును. డ్రైవరు తొందరపడి పొడి వైపరు త్రిప్పినచో ఆ మరకలన్నియు కలిసి అద్దమంతట పాలపొరవలె అలుముకొనును. ఎదుటి లారీ దీపముల వెలుతురు ఆ పొరపై పడి చెదరినప్పుడు డ్రైవరుకు కనబడునది తెల్లని మెఱపు మాత్రమే. రోడ్డు ప్రక్కనే కాలువ, మలుపు వద్ద దీపము లేని ట్రాక్టరు తొట్టి, గట్టుపై నడచిపోవు కూలివారు ఉండు మన త్రోవలలో ఆ రెండు క్షణముల అంధత్వము ఎంత ప్రమాదకరమో పాఠకులే ఊహింపగలరు.

దీనికి కొంత ఉపశమనముగా ఇటీవల కొందఱు బండి యజమానులు బానెట్ ముందు అంచున ఒక ప్లాస్టిక్ పలకను అతికించుచున్నారు. దీనిని బానెట్ డిఫ్లెక్టరు అందురు. మనము గాలిపలక అనుకొందము. పికప్ బండ్ల వాడుక విస్తారముగా గల అమెరికాలో ఇది చిరకాలముగా తెలిసిన సాధనము. అచ్చటి ఫ్లోరిడా రాష్ట్రములో ఏటా మే, సెప్టెంబరు మాసములలో ఒక జాతి నల్లని ఈగలు జతలు జతలుగా రోడ్లపై కమ్ముకొని బండ్ల అద్దములను, రంగును పాడుచేయుట ప్రసిద్ధము.

గాలిపలక పనిచేయు విధము సులభముగా గ్రహింపదగినదే. బండి ముందుకు పోవునపుడు ఎదురుగాలి బానెట్ మీదుగా జారి అద్దమునకు తగులును. బానెట్ అంచున కొంచెము ఎత్తుగా, వెనుకకు వాలి నిలిచిన పలక ఆ గాలిని పైకి మళ్ళించును. తేలికగా ఉండు దోమలు, చిన్న పురుగులు ఆ గాలితోపాటు పైకి లేచి అద్దమును, టాపును దాటిపోవును. బరువైన పురుగు, గులకరాయి అంత సులభముగా గాలికి లొంగవు. అవి పలకకు నేరుగా తగిలినచో బానెట్ రంగు దక్కును. పలకపై నుండి వచ్చినచో అద్దమునకు తగిలియే తీరును.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. గాలి మళ్ళుట వేగమునుబట్టి ఉండును. మెల్లగా పోవు బండికి పలక వలన ప్రయోజనము స్వల్పము. సరకుబండ్లకు 2018లో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన గరిష్ఠ వేగము నాలుగు వరుసల రహదారిపై గంటకు 80 కిలోమీటర్లు, ఇతర రోడ్లపై 60 కిలోమీటర్లు. రేపల్లె, బాపట్లల మీదుగా పోవు 216వ జాతీయ రహదారిపై కొంత మేలు కనబడవచ్చును గాని, ఊరి డొంకరోడ్డుపై పలక అలంకారమే. పలక పనిచేయవలెనని వేగము పెంచు వారు ఉన్నచో వారికి పలక లేకుండుటయే క్షేమము. బానెట్ పొట్టిగా ఉండి, ముక్కు నిటారుగా ఉండు చిన్న సరకుబండ్లకు కూడ ఇది పనికిరాదు. బొలెరో పికప్ వలె బానెట్ ముందుకు చాచియున్న బండ్లకే ఇది తగును.

కొనునపుడు ఆ బండి నమూనాకు, ఆ సంవత్సరపు బానెట్‌కు సరిపోవు పలకనే అడుగవలెను. "ఏదైనా సరిపోతుందిలే అన్నా" అని అంగడివాడు చెప్పు మాటను నమ్మరాదు. వంపు కలియని పలకను బలవంతముగా వంచి అతికించినచో అది ప్రతిక్షణము తన పూర్వపు ఆకారమునకు పోవ ప్రయత్నించుచు, కొన్నాళ్ళకు మూలలు లేపును.

ఈ పలకకు మేకులు, మరలు అక్కరలేదు. వెనుక ప్రక్క రెండు వైపుల జిగురు గల దళసరి నురుగు టేపు ఉండును. ఈ జిగురు గోడకు పూసిన బంకవలె ఆరి గట్టిపడునది కాదు. నొక్కినకొలది మెల్లగా ప్రాకి, కంటికి కనబడని రంగు గరుకులలోనికి చొచ్చుకొని పట్టు సంపాదించును. ఇట్టి టేపులకు అతికించిన ఇరువది నిమిషములలో సుమారు సగము పట్టు, ఒక దినమునకు నూటికి తొంబది పాళ్ళు, మూడు దినములకు పూర్తి పట్టు వచ్చును. ఈ లెక్క గుర్తున్నచో తక్కిన జాగ్రత్తలన్నిటికి కారణము తెలియును.

అన్నిటికంటె ముఖ్యమైనది శుభ్రత. మన బండ్ల బానెట్‌లపై దుమ్ము మాత్రమే ఉండదు. దసరా ఆయుధపూజకు పెట్టిన పసుపు, కుంకుమ, గంధము, దీపపు నూనె జిడ్డు, పాలిషు మైనము ఉండును. సూర్యలంక, నిజాంపట్నము వైపు తిరుగు బండ్లపై ఉప్పుపొర కూడ చేరును. మొదట సబ్బునీటితో కడిగి, మంచినీటితో తొలిచి, పూర్తిగా ఆరనీయవలెను. పిదప ఐసోప్రొపైల్ ఆల్కహాలును సమానమైన నీటితో కలిపి, శుభ్రమైన గుడ్డతో అతికించు చోటును తుడువవలెను. మందుల దుకాణములలో గాని, రసాయనములు అమ్ము చోట గాని ఇది దొరకును. మంటకు దూరముగా ఉంచవలెను. కిరసనాయిలుతో గాని, డీజిలుతో గాని తుడుచు అలవాటు మన మెకానికులలో గట్టిగా నాటుకొనియున్నది. అది మురికిని తీసి నూనెపొరను మిగుల్చును. పలకలు ఊడుటకు మేము వినిన కారణములలో ఇదియే తఱచైనది.

పని నీడలో చేయవలెను. బానెట్ రేకు వెచ్చదనము ఇరువది నుండి ముప్పదియెనిమిది డిగ్రీల మధ్య ఉండుట మంచిది. వేసవి మధ్యాహ్నము ఎండలో నిలిపిన బండిపై చేయి పెట్టలేము, అప్పుడు అతికింపరాదు. కార్తిక మార్గశిరములలో ఉదయపు మంచు రేకుపై పట్టియుండును గనుక అది ఆరి, పొద్దెక్కిన తరువాత పూనుకొనవలెను.

టేపు పైకాగితము తీయక ముందే పలకను బానెట్‌పై ఆనించి చూచుకొనవలెను. బానెట్ నడిమి గుర్తును కొలచి, పలక నడిమిని దానికి కలిపి, రెండు కొనలు దీపముల నుండి సమానమైన దూరమున ఉన్నవో లేవో చూచి, కాగితపు టేపుతో చోటు గుర్తించవలెను. ఆ స్థితిలోనే ఒకసారి బానెట్ ఎత్తి దింపవలెను. పలక గ్రిల్లుకు గాని, దీపపు అంచుకు గాని తగిలినచో ఆ అమరిక పనికిరాదు. తరువాత డ్రైవరు సీటులో కూర్చుండి చూడవలెను. పలక అంచు రోడ్డును మఱుగుపఱచుచున్నచో, పొట్టి డ్రైవరు నడుపు బండికి అది అపాయమే. వంతులవారీగా ఇద్దఱు నడుపు బండియైనచో ఇద్దఱును కూర్చుండి చూడవలెను.

అతికించునపుడు ఇద్దఱుండుట మేలు. పైకాగితమును రెండు కొనల వద్ద రెండేసి అంగుళములు మాత్రము ఊడదీసి, వెలుపలికి మడిచి, పలకను గుర్తులపై నిలుపవలెను. సరిగానున్నదని ఇద్దఱును అనుకొనిన పిమ్మట, ఒకరు కాగితమును మెల్లగా లాగుచుండగా రెండవవారు వెంటవెంటనే బొటనవ్రేలితో గట్టిగా నొక్కుచు పోవలెను. జిగురును వ్రేళ్ళతో తాకరాదు. ఒకసారి పడిన పలకను పీకి మరల అతికించిన పట్టు నిలువదు. పలకతో ఇచ్చు చిన్న రబ్బరు బుడిపెలను అంచుల క్రింద పెట్టినచో గాలికి అదరి రంగు గీచుకొనకుండును. ఒక దినము బండిని వేగముగా నడుపరాదు. మూడు దినములు సర్వీసింగు నీటి పైపు దగ్గఱకు పోనీయరాదు.

ఇక చట్టము సంగతి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. బంపరు ముందు బిగించు ఇనుప గొట్టముల గార్డులు, అనగా బుల్‌బార్లు, చట్టవిరుద్ధములని, వాటిపై చర్య తీసికొనవలెనని 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ రాష్ట్రములకు వ్రాసినది. గాలిపలక పేరు చెప్పి అట్టి గార్డును అంటగట్టు అంగడులు లేకపోలేదు. పలక నంబరు పలకను గాని, దీపములను గాని కప్పరాదు. సందేహమున్నవారు కొనక ముందే రవాణాశాఖ కార్యాలయములో అడిగి తెలిసికొనుట ఉత్తమము.

పలక ఉన్నంత మాత్రమున అద్దము సంగతి మఱువరాదు. వైపరు రబ్బరులు ఎండకు బిరుసెక్కినచో మార్పించవలెను. ఆ ఖర్చు పలక ఖర్చుకంటె ముందు చేయదగినది. నీటి డబ్బా నింపి, మొదట నీరు చిమ్మి ఆ పైన వైపరు త్రిప్పవలెను. ఎండిన పురుగుల మరకపై తడిగుడ్డను కొంతసేపు పఱచి ఉంచి తుడిచినచో గీతలు పడకుండ వదలును. అద్దమునకు అడ్డముగా పూలదండలు వ్రేలాడదీయుట భక్తికి నిదర్శనమే గాని, రాత్రి ప్రయాణమునకు ముందు వాటిని తీసి లోపల పెట్టుకొన్నచో దేవుడు ఆగ్రహింపడు.

నెలకొకసారి పలక మూలలను వ్రేలితో లాగి చూడవలెను. ఒక మూల లేచినదని తెలిసినచో దానిని అట్లే ఉంచి నడుపరాదు. రోడ్డుపై ఊడి ఎగిరిన పలక వెనుక వచ్చు మోటారు సైకిలువాని ముఖమునకు తగులును. పలకను తీయవలసి వచ్చినపుడు ఎండలో నిలిపి గాని, జుట్టు ఆరబెట్టు యంత్రముతో వెచ్చచేసి గాని జిగురును మెత్తపఱచి, చేపల వలకు వాడు నైలాను దారమును పలకకు రేకుకు నడుమ దూర్చి, ఱంపమువలె అటునిటు లాగినచో టేపు తెగును. మిగిలిన జిగురును బొటనవ్రేలితో ఉండలుగా రుద్ది తీయవచ్చును. ఇనుప బద్దతో గీకినచో రంగు పోయి, సముద్రపుగాలికి ఆ చోటనే త్రుప్పు పట్టును.